శాసన, తాళపత్ర సూచికలలో అనుద్దిష్ట నమోదులు : నివారణ ఆవశ్యకత

పునరుక్తి దోషమని శాస్త్రాలు నిర్ణయించాయి. న్యాయశాస్త్రం దానిని నిగ్రహస్థానాలలో ఒకటిగా పరిగణించి, 'అనువాదాన్ని' మాత్రం దాని నుండి మినహాయించింది. ఇక్కడ అనువాదమంటే భాషాంతరీకరణం కాదు. చెప్పినదానినే ఒక ప్రయోజనం కోసం మళ్ళీ చెప్పడం అనువాదం. నిష్ప్రయోజనంగా మళ్ళీ చెప్పడం పునరుక్తి. వాదరంగంలో పుట్టిన ఈ విభాగం నేడు తాళపత్రాల పట్టికలను, శాసనాల జాబితాలను కంప్యూటరులోని డేటాబేసుకు ఎక్కించే వారికి నిత్యావసరమైనది. ఈ పనిలో ఎవరూ ఉద్దేశించకుండానే ఒకే వస్తువుకు రెండవ నమోదు ఏర్పడటం సర్వసాధారణం. ఇది స్వల్పమైన యంత్రదోషమనీ, పని ముగిసిన తరువాత సవరించుకోవచ్చుననీ పలువురు భావిస్తారు. ఆ భావన సరికాదు. అనుకోకుండా పుట్టిన నమోదు పరిశోధనలో లేని సాక్షిని ప్రవేశపెడుతుంది. కనుక దానిని ఫారం దగ్గరనే, అది పుట్టకముందే నిరోధించాలి.

ఈ విషయాన్ని పరిశీలించడానికి నెల్లూరు జిల్లా పశ్చిమభాగంలోని ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాలు తగిన ఉదాహరణ. అలన్ బటర్‌వర్త్, వి. వేణుగోపాల్ చెట్టి గార్లు సంకలనం చేసిన నెల్లూరు జిల్లా తామ్ర, శిలాశాసనాలు 1905లో మద్రాసు నుండి మూడు సంపుటాలుగా వెలువడ్డాయి. అందులో శాసనాలను తాలూకాల వారీగా విభజించి, ప్రతి తాలూకాలోను వరుససంఖ్యలు ఇచ్చారు. ఆత్మకూరు, ఉదయగిరి రెండూ నాడు తాలూకాలే. నెల్లూరు మండల చరిత్రపై పనిచేసిన వారెవరూ ఈ సంపుటాలను తాకకుండా ముందుకు సాగలేదు. అయితే ఆ శాసనాల ప్రస్తావన అక్కడ మొదలై అక్కడనే ముగియలేదు. అంతకు పూర్వమే 1882లో రాబర్ట్ సూయెల్ మద్రాసు రాజధానిలోని ప్రాచీనావశేషాల జాబితా మొదటి సంపుటాన్ని ప్రకటించాడు. 1919లో వి. రంగాచార్య పూర్వ సంకలనాలలోని సమాచారాన్ని ఒకచోట చేర్చి, మద్రాసు రాజధాని శాసనాల స్థలానుక్రమణికను మూడు సంపుటాలలో వెలువరించారు. ప్రభుత్వ శాసన శాఖ వార్షిక నివేదికలలో సంవత్సరానికొక వరుస చొప్పున వేరే సంఖ్యలు వచ్చాయి. 1948లో తెలుగు శాసనాలతో దక్షిణ భారత శాసనాల పదవ సంపుటం వచ్చింది.

ప్రతి శాసనమూ వీటన్నింటిలో చోటుచేసుకొన్నదని కాదు. కాని ఒకే రాతికి రెండు మూడు సంఖ్యలు ఉండే అవకాశం ఉన్నదన్నది స్పష్టం. అచ్చు పుస్తకాలలో దీనివలన పెద్ద ప్రమాదం లేదు. ఒక్కొక్క గ్రంథం ఒక్కొక్క అట్టలో వేరుగా ఉన్నది. చదువరికి తాను ఏ గ్రంథాన్ని చూస్తున్నాడో తెలుసు. ఈ గ్రంథాలన్నింటినీ ఒకే డేటాబేసులో చేర్చినప్పుడు ఆ అట్టలు తొలగిపోతాయి. ఆత్మకూరు తాలూకా క్రింద 1905 సంపుటం నుండి ఒకరు ఎక్కించిన శాసనాన్నే, ఆరు నెలల తరువాత రంగాచార్య అనుక్రమణిక ముందు పెట్టుకొన్న మరొకరు మరొక సంఖ్యతో ఎక్కిస్తే, యంత్రం రెండింటినీ ఆదరంగా స్వీకరిస్తుంది. దానికి సంఖ్యలు తెలుసు, రాయి తెలియదు.

స్థలనామాలు ఈ చిక్కును మరింత పెంచుతాయి. ఉదయగిరి అనగానే నెల్లూరు జిల్లా వారికి దుర్గం స్ఫురిస్తుంది. కాని మధ్యప్రదేశ్‌లో విదిశ సమీపాన గుప్తుల కాలపు శాసనాలున్న గుహలు ఉదయగిరివే. భువనేశ్వరం సమీపంలో ఖారవేలుని హాథీగుంఫా శాసనం ఉన్న కొండ కూడ ఉదయగిరియే. నెల్లూరు ఉదయగిరి కొంతకాలం ఒడిశా గజపతుల ఏలుబడిలో ఉండటం చేత, 'ఉదయగిరి, ఒడిశా, గజపతి' అనే మూడు మాటలు ఒకేచోట కనబడినప్పుడు పరిచయం లేనివాడు ఏ ఉదయగిరిని ఎంచుకొంటాడో చెప్పలేము. ఆత్మకూరు సంగతి మరీ విశేషం. నెల్లూరు జిల్లాలోనే కాక, కర్నూలు, అనంతపురం, మహబూబ్‌నగర్, వరంగల్ సీమలలోను ఆత్మకూరులున్నాయి. ఆత్మకూరుకు దాపున ఉన్న చేజెర్లకు, కపోతేశ్వరాలయం ఉన్న పల్నాటి చేజర్లకు వర్ణక్రమంలో భేదం ఇసుమంత.

పేరు మారకపోయినా జిల్లా మారుతుంది. 1905 సంపుటాలలో నెల్లూరు జిల్లాకు చెందిన కందుకూరు, కనిగిరి, పొదిలి ప్రాంతాలు 1970లో ఏర్పడిన ఒంగోలు జిల్లాలో చేరాయి. ఆ జిల్లాకే 1972లో ప్రకాశం జిల్లా అని పేరు వచ్చింది. 1985లో తాలూకాల స్థానంలో మండలాలు వచ్చాయి. 2008లో నెల్లూరు జిల్లాకు పొట్టి శ్రీరాములు గారి పేరు చేరింది. 2022 పునర్వ్యవస్థీకరణలో కందుకూరు తిరిగి నెల్లూరులో కలిసింది. శాసనం ఉన్న రాయి ఈ మార్పులలో ఒక్క అంగుళం కూడ కదలలేదు. కాని జిల్లా పేరు ఆధారంగా వెదకే ఫారం ముందు, 'నెల్లూరు' క్రింద ఉన్న శాసనం 'ప్రకాశం' క్రింద కనబడదు. కనబడలేదు కనుక లేదని భావించి, కొత్త నమోదు చేస్తారు. అనుపలబ్ధి ఎప్పుడు అభావానికి ప్రమాణమవుతుందో దర్శనాలు ఎంతో సూక్ష్మంగా చర్చించాయి. ఉంటే తప్పక కనబడవలసిన స్థితిలో కనబడకపోతేనే లేదని చెప్పవచ్చు. జిల్లా పేరు మార్చి వెదికినప్పుడు ఆ నియమం తీరదు.

ఇంతవరకు చెప్పినది పొరపాటుకు గల బౌద్ధిక కారణం. ఫారం నిర్మాణంలోనే మరొక కారణం దాగి ఉన్నది. గ్రంథాలయాలలో, చిన్న సంస్థలలో బహుళంగా వాడుకకు వచ్చిన మైక్రోసాఫ్ట్ యాక్సెస్‌ను ఉదాహరణగా తీసుకోవచ్చు. అందులో ఫారం సామాన్యంగా మొదటి రికార్డును చూపిస్తూ తెరుచుకొంటుంది. చివరి రికార్డు తరువాత ఖాళీ రికార్డు ఒకటి ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. ఆ ఖాళీ గడిలో ఒక్క అక్షరం కొట్టినా కొత్త రికార్డు ఆరంభమవుతుంది. చివరి గడి నుండి ట్యాబ్ మీట నొక్కితే కర్సరు తరువాతి రికార్డులోకి పోతుంది. అప్పటికే చివరి రికార్డులో ఉంటే ఖాళీ రికార్డులోకి దిగుతుంది. తాను ఇంకా పాత శాసనాన్నే సవరిస్తున్నానని భావించే గుమాస్తా అక్కడ శకవర్షం నమోదు చేస్తాడు. ఫారం మూయగానే అది దానంతట అదే భద్రపడుతుంది. 'ఇది కొత్తదా?' అని ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు. ఊరు లేని, పాఠం లేని, ఒక్క శకవర్షం మాత్రం ఉన్న శాసనం పుట్టింది.

వెదకడానికి ఉద్దేశించిన గడి, నింపడానికి ఉద్దేశించిన గడి ఒకటే అయినప్పుడు మరొక ప్రమాదం. వెదకాలనుకొని గ్రామనామం కొట్టినవాడు, నిజానికి ఎదురుగా ఉన్న రికార్డులోని గ్రామనామాన్ని చెరిపివేస్తాడు, లేదా ఖాళీ రికార్డుకు ప్రాణం పోస్తాడు. యునెస్కో రూపొందించగా మన దేశంలోని గ్రంథాలయాలలో ప్రచారం పొందిన సి.డి.ఎస్./ఐసిస్‌లోను ప్రతి కొత్త రికార్డుకు ఎం.ఎఫ్.ఎన్. అనే వరుససంఖ్య దానంతట అదే లభించేది. ఇట్టి స్వయంచాలిత సంఖ్య రికార్డుల మధ్య భేదాన్ని మాత్రమే చెబుతుంది. రికార్డులు వేరైనంత మాత్రాన వస్తువులు వేరని అర్థం కాదు.

ఇందువలన కలిగే నష్టం ఏమిటని ప్రశ్నించవచ్చు. శాసనచరిత్రలో గణన ఒక ప్రమాణం. ఉదయగిరి సీమలో ఏ రాజు కాలంలో ఎన్ని దానశాసనాలు ఉన్నాయి, ఏ దశాబ్దంలో చెరువుల ప్రస్తావనలు అధికం, ఏ ఆలయానికి ఎన్ని దానాలు జరిగాయి అన్న ప్రశ్నలకు సమాధానం సంఖ్యలలోనే ఉంటుంది. 1513లో ఆరంభమైన ముట్టడి 1514లో ముగిసి ఉదయగిరి దుర్గం శ్రీకృష్ణదేవరాయల వశమైనది. ఆయన అక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని విజయనగరానికి తరలించి, కృష్ణాలయంలో 1515లో ప్రతిష్ఠించాడు. ఆ వృత్తాంతాన్ని తెలిపే శాసనం ఉన్నది హంపిలో. అందులో ప్రస్తావించిన దుర్గం నెల్లూరులో. లభ్యస్థానం, ప్రస్తావితస్థానం అని రెండు గడులు వేరుగా లేని ఫారంలో ఈ ఒక్క శాసనమే హంపి క్రింద ఒకసారి, ఉదయగిరి క్రింద ఒకసారి నమోదు కాగలదు. అప్పుడు విజయానంతరం రాయలు ఉదయగిరిలోనే శాసనం వేయించాడని ఒక విద్యార్థి సిద్ధాంత వ్యాసంలో వ్రాస్తే, తప్పు అతనిది మాత్రమే కాదు.

కాలనిర్ణయంలో కూడ ఇదే సంభవిస్తుంది. శకవర్షాన్ని గతంగా ఒకరు, వర్తమానంగా మరొకరు గ్రహిస్తే ఒక సంవత్సరం భేదం వస్తుంది. గత శకవర్షం 1436, భావ సంవత్సరం 1514–15కు సరిపోతాయి. అదే శకసంఖ్యను వర్తమానంగా లెక్కించినవాడు 1513–14 అని వ్రాస్తాడు. ఒకే శాసనం రెండు తేదీలతో రెండు నమోదులుగా నిలిస్తే, చూచినవాడు రెండు వేర్వేరు దానాలని నమ్మడం సహజం. అందుచేత క్రీస్తుశక సంవత్సరాన్ని మాత్రమే కాక, శాసనంలో ఉన్న శకాంకాన్ని, సంవత్సర నామాన్ని, తిథివారాలను ఉన్నవున్నట్లు వేరు గడులలో నమోదు చేయాలి.

తాళపత్ర గ్రంథాల విషయంలో వివేచన ఇంకా సూక్ష్మం. కృతి వేరు, ప్రతి వేరు, నమోదు వేరు. ఒక కృతికి పది ప్రతులు ఉంటే పది నమోదులు ఉండటమే న్యాయం, సి.పి. బ్రౌన్ తెలుగు కావ్యాలకు పెక్కు ప్రతులను సేకరించి పోల్పించినది ఆ ప్రతుల భేదం విలువైనది గనుకనే. పైన చెప్పిన అనువాదం వంటిది ఇది. కాని ఒకే ప్రతికి రెండు నమోదులు ఉంటే అది శుద్ధ పునరుక్తి. పరిష్కర్త దృష్టిలో ప్రతి అంటే సాక్షి. ఒక పాఠాన్ని మూడు ప్రతులు సమర్థిస్తున్నాయని భావించి గ్రహించిన తరువాత, అందులో రెండు ఒకే తాటాకు కట్టకు వచ్చిన రెండు సంఖ్యలని తేలితే పాఠనిర్ణయం పునాది కదులుతుంది. ప్రక్షిప్తాలను ఏరివేయడానికి జీవితాలు వెచ్చించిన పండిత పరంపరకు వారసులైనవారు సూచికలోనే ప్రక్షిప్తాలను పుట్టించడం విచారకరం.

ఉదయగిరితో సంబంధించిన సాహిత్యమే దీనికి నిదర్శనం. ఉదయగిరి ప్రభువు ఆశ్రయంలో దూబగుంట నారాయణకవి పంచతంత్రాన్ని తెనిగించాడు. బైచరాజు వేంకటనాథకవి కూడ పంచతంత్రాన్ని పద్యకావ్యంగా రచించాడు. గ్రంథనామం ఒక్కటే చూచి 'ఇది ఉన్నది' అని తిరస్కరించే ఫారం రెండవ కవిని పోగొడుతుంది. గ్రంథనామాన్ని చూడనే చూడని ఫారం ఒకే కవి ప్రతిని రెండుసార్లు స్వీకరిస్తుంది. ప్రబోధచంద్రోదయాన్ని తెనిగించిన నంది మల్లయ, ఘంట సింగయల విషయంలో ఒకచోట ఇద్దరి పేర్లు కలిపి, మరొకచోట మొదటి పేరు మాత్రమే, వేరొకచోట ఇంటిపేరు వెనుక పెట్టి వ్రాయవచ్చు. మనిషి కన్ను ఒక్కటేనని గుర్తించేదానిని యంత్రం మూడుగా చూస్తుంది.

లిపి కూడ ఈ మాయలో పాలుపంచుకొంటుంది. రంగనాయక శబ్దాన్ని పూర్ణబిందువుతో ఒకరు, వర్గానునాసికంతో ఒకరు వ్రాస్తారు. అరసున్నను, శకటరేఫను కొందరు పాటిస్తారు, కొందరు విడుస్తారు. ఆత్మకూరు అని అజంతంగా, ఆత్మకూర్ అని హలంతంగా రెండు విధాల వ్రాత ఉన్నది. కంటికి కనబడని భేదం కూడ ఒకటి ఉన్నది. యూనికోడ్‌లో తెలుగు ఐత్వాన్ని ఒకే సంకేతంగానో, ఎత్వం, ఐత్వపు క్రింది గుర్తు అనే రెండు సంకేతాలుగానో నిక్షేపించవచ్చు. తెరపై అక్షరం ఒకటే; సంకేతాలను ఏకరూపం చేయకుండా పోల్చే యంత్రానికి మాటలు రెండు. కనుక అక్షరానికి అక్షరం సరిపోల్చే తనిఖీ తెలుగు సూచికలకు చాలదు. మూలంలోని వర్ణక్రమాన్ని ఒక గడిలో యథాతథంగా ఉంచి, వెదకడానికి ఏకరూప వర్ణక్రమాన్ని మరొక గడిలో ఉంచడం ఉచితం.

నివారణోపాయాలు దుష్కరమైనవి కావు. మొదటిది, ఫారం వెదకే స్థితిలో తెరుచుకోవాలి, నింపే స్థితిలో కాదు. వెదకే గడి ఏ రికార్డుతోను ముడిపడకుండా విడిగా ఉండాలి. యాక్సెస్‌లో 'అలౌ అడిషన్స్' అనే గుణాన్ని 'నో' అని నిర్ణయిస్తే ఖాళీ రికార్డు కనబడదు. సవరణకు మాత్రమే అవకాశం ఉంటుంది. 'సైకిల్' అనే గుణాన్ని 'కరెంట్ రికార్డ్' అని నిర్ణయిస్తే ట్యాబ్ మీట అదే రికార్డులో తిరుగుతుంది. 'డేటా ఎంట్రీ' అనే గుణం పేరు చూచి నమోదు పనికి అదే తగినదని భ్రమపడరాదు. దానిని 'యెస్' అంటే పాత రికార్డులన్నీ మరుగై ఖాళీ పత్రం మాత్రమే నిలుస్తుంది. పాతది కనబడని చోట పోలిక ఎట్లు సాధ్యం?

రెండవది, కొత్త నమోదుకు ప్రత్యేకమైన మీట ఉండాలి. వెదకిన తరువాతనే అది పనిచేయాలి. దానిని నొక్కినప్పుడు గ్రామం, ఆలయం, శకవర్షం, దాత, లేక కృతి, కర్త, పత్రసంఖ్య, ఆద్యంత పద్యాలు — వీటిలో కొన్ని కలిసిన పాత నమోదులు ఎదుట నిలవాలి. 'ఇవేవీ కావు' అని నమోదు చేసేవాడు నిర్ణయించి చెప్పాలి. ఆ నిర్ణయం చేసినవారి పేరు, తేదీ భద్రపడాలి. మూడవది, సమానసంఖ్యల పట్టిక ఒకటి ఉండాలి. 1905 సంపుటాల సంఖ్య, రంగాచార్య సంఖ్య, వార్షిక నివేదిక సంఖ్య ఒకే శాసనం క్రింద ఉపసంఖ్యలుగా చేరాలి. వాటిలో ఏదీ తనంత తాను కొత్త శాసనాన్ని సృష్టించరాదు. సంస్కృత వ్రాతప్రతుల పట్టికలను ఏకీకరించడానికి ఆఫ్రెక్ట్, ఆ తరువాత మద్రాసు విశ్వవిద్యాలయంలో 1935లో ఆరంభమైన నూతన సూచీ ప్రణాళిక పరిశ్రమించినది ఈ మార్గంలోనే. పెక్కు పట్టికల సంఖ్యలను కృతి, కర్తల క్రింద చేర్చిన ఆ క్రమశిక్షణ కంప్యూటరు కంటె పాతది.

ఈ కట్టుబాట్లపై రెండు ఆక్షేపాలు వస్తాయి. పని మందగిస్తుందన్నది ఒకటి. రోజుకు నూరు చీటీలు ఎక్కించేవాడు ప్రతిదానికీ వెదకాలంటే అరువది వద్ద ఆగవచ్చు. నిజమే. కాని నకిలీలను తరువాత ఏరడానికి ప్రతిదానినీ మిగిలిన వాటితో పోల్చాలి. అప్పటికి చీటీ ఎదుట ఉండదు, ఎక్కించినవాడు ఉండడు, రాతిని చూచినవాడు అసలే ఉండడు. వస్తువు చేతిలో ఉన్నప్పుడు క్షణంలో తేలే సందేహం, అది దూరమైన తరువాత ఆత్మకూరు దాకా ప్రయాణం చేస్తేగాని తీరదు.

రెండవ ఆక్షేపం మరింత బలమైనది. కట్టుబాటు మితిమీరితే సత్యం కూడ లోపలికి రాలేదు. శకవర్షం తప్పనిసరి అంటే, శకవర్షం చెరిగిపోయిన శాసనానికి గుమాస్తా ఏదో ఒక అంకె వేస్తాడు. గ్రామం, సంవత్సరం కలిసి రెండుసార్లు రాకూడదంటే, ఒకే ఆలయానికి ఒకే ఏడు జరిగిన రెండు నిజమైన దానాలలో ఒకటి బయట నిలిచిపోతుంది. ఇది అవ్యాప్తి దోషం. నకిలీలను స్వీకరించడం అతివ్యాప్తి. రెండింటి మధ్య మార్గం నిషేధం కాదు, ప్రశ్న. ఫారం తిరస్కరించకూడదు, ఆపి అడగాలి. చెరిగినదానికి 'చెరిగినది' అని, తెలియనిదానికి 'తెలియదు' అని చెప్పే అవకాశం ఇవ్వాలి. సందేహం తీరని నమోదుకు శాశ్వతసంఖ్య ఇవ్వక, 'పరిశీలనలో ఉన్నది' అనే గుర్తుతో వేరుగా ఉంచి, శాసనభాష ఎరిగిన ఉపాధ్యాయుడు చూచిన తరువాతనే సూచికలో చేర్చాలి.

ఇంత జాగ్రత్తలోనూ నకిలీలు కొన్ని పుడతాయి. కొండ మీది రాయి ఆలయానికి, ఆలయంలోని రాయి ప్రదర్శనశాలకు చేరినప్పుడు కొత్తచోట చూచినవాడు కొత్తదనే భావిస్తాడు. అట్టివి బయటపడినప్పుడు రెండవ నమోదును తుడిచివేయడం తగదు. ఆ సంఖ్యను ఎవరైనా తమ వ్యాసంలో ఉదాహరించి ఉండవచ్చు. దానిని మొదటి నమోదుకు దారి చూపే గుర్తుగా నిలపాలి. తుడుపు కంటె సూచన మేలు.

ఈ విషయం నేడు ప్రత్యేకించి ఆలోచింపదగినది. 2003లో ఏర్పడిన జాతీయ పాండులిపి మిషన్ దేశవ్యాప్తంగా వ్రాతప్రతుల వివరాలను సేకరించింది. 2025 కేంద్ర బడ్జెట్టులో ప్రకటించిన జ్ఞానభారతం పథకం కోటికి పైగా వ్రాతప్రతుల సర్వేక్షణను, నమోదును, సంరక్షణను లక్ష్యంగా పెట్టుకొన్నది. విద్యాసంస్థలు, ప్రదర్శనశాలలు, గ్రంథాలయాలు, వ్యక్తుల సేకరణలు అన్నీ ఇందులో భాగస్వాములు. ఒకే కట్ట ఇంటి యజమాని చేత ఒకసారి, దానిని స్వీకరించిన గ్రంథాలయం చేత మరొకసారి నమోదయ్యే అవకాశం ఇట్టి మహాప్రయత్నంలో సహజం. కోటి అన్న సంఖ్య గర్వకారణమే. అయితే అది కోటి ప్రతులా, కోటి నమోదులా అన్నది తేల్చవలసినవారు యంత్రనిపుణులు కారు. ప్రతిని చదవగల ప్రాచ్య కళాశాలల అధ్యాపకులు. ఫారం రూపకల్పన సమయంలోనే వారు ఆ గదిలో ఉండాలి.

మునుపు చూచినదానిని మళ్ళీ చూచినప్పుడు 'ఇది అదే' అని కలిగే జ్ఞానాన్ని దార్శనికులు ప్రత్యభిజ్ఞ అన్నారు. సూచీకర్తకు కావలసిన ప్రధాన గుణం అదే. యంత్రం స్వయంగా ప్రత్యభిజ్ఞను పొందలేదు. దానికి అవకాశమిచ్చే విధంగా మాత్రం దానిని తీర్చిదిద్దవచ్చు. ఉదయగిరి కొండ మీద ఒక రాతిని చెక్కిన శిల్పి దానిని ఒక్కసారే చెక్కాడు. ఆ రాతికి సూచికలోను ఒక్క స్థానమే ఉండేటట్లు చూడటం సూచీకర్త ధర్మం.